విత్తనం నుంచి జన్యుక్రమం దాకా: ప్రయోజనాల పంపకం చరిత్రలో ఎర్రగుంట్ల సీమ

వ్యాససంగ్రహం

జీవవనరులను వాడుకున్నవారు ఆ వనరులను కాపాడినవారికి ప్రతిఫలం ఇవ్వాలన్న సూత్రం 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందంతో అంతర్జాతీయ చట్టంలో స్థిరపడింది. మొక్క, గింజ, దుంగ వంటి పదార్థం చేతులు మారుతుందన్న ఊహ మీద ఆ సూత్రం నిలిచింది. మొక్క జన్యుక్రమం కంప్యూటరు దస్త్రంగా మారిన తరువాత ఆ ఊహకు ఆధారం సన్నగిల్లింది. ఈ మార్పును కడప జిల్లా ఎర్రగుంట్ల పరిసరాల్లోని రెండు వనరుల ద్వారా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటిది కొండల్లోని ఎర్రచందనం, రెండవది నల్లరేగడిలోని శనగ. 2024లో కాలీ నగరంలో కుదిరిన నిధి ఏర్పాటు జాడ కనిపెట్టే సమస్యను దాటవేసిందని, ఆ క్రమంలో వనరుకూ ఊరికీ ఉన్న బంధం చట్టపరంగా కనుమరుగైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ బంధాన్ని నిలబెట్టగల ఆధారాలు గ్రామస్థాయి రికార్డులలోనూ, జన్యునిధుల సేకరణ వివరాలలోనూ ఉన్నాయని చూపుతుంది.

కీలకపదాలు: డిజిటల్ జన్యుక్రమ సమాచారం, ప్రయోజనాల పంపకం, జీవవైవిధ్య చట్టం, ఎర్రచందనం, శనగ, ఇక్రిశాట్, కాలీ నిధి, రాయలసీమ.

1. ప్రవేశిక

ఎర్రగుంట్ల పేరు చెప్పగానే సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్లు, చెన్నై–ముంబయి రైలుమార్గంలోని కూడలి స్ఫురిస్తాయి. ఈ ప్రాంతపు సున్నపురాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు జమ్మలమడుగు దగ్గరి నార్జి గ్రామం పేరిట ‘నార్జి సున్నపురాయి’ అంటారు. గని నుంచి బయటికి పోయే రాయికి తూకం ఉంటుంది, పర్మిట్ ఉంటుంది, టన్నుకు ఇంత అని రాయల్టీ ఉంటుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలోనూ ఖనిజ ఫౌండేషన్ ఏర్పాటు చేయాలన్నారు. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతానికి, వేలంలో కొత్తగా లీజు పొందినవారు 10 శాతానికి సమానమైన సొమ్మును అదనంగా ఆ ఫౌండేషన్‌కు చెల్లించాలి. దానిని గనుల వల్ల ప్రభావితమైన ఊళ్లకోసం ఖర్చు చేయాలి. రాయి ఏ ఊరిదో తెలుసు కాబట్టే ఈ ఏర్పాటు సాధ్యమైంది.

అదే నేల పైపొరలో మరో సంపద ఉంది. 2016లో పూర్తయిన ఎర్రగుంట్ల–నంద్యాల రైలుమార్గం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, సంజామల, కోవెలకుంట్ల, బనగానపల్లెల మీదుగా సుమారు 123 కిలోమీటర్లు సాగుతుంది. దారి పొడవునా నల్లరేగడి పొలాలు విస్తారంగా కనిపిస్తాయి. రబీలో ఈ నేల శనగకు నెలవు. కడప వైపు దీన్ని బుడ్డశనగ అనీ, కర్నూలు వైపు పప్పుశనగ అనీ పిలుస్తారు. జొన్న, కొర్ర, కంది ఈ నేలకు పాత కాపులు. ఈ పంటలలో అనేకం ఇప్పుడు పొలంలోనే కాక మరోచోట కూడా ఉన్నాయి. వాటి జన్యుక్రమాలు అంతర్జాతీయ సమాచార నిధులలో చేరాయి, ప్రపంచంలో ఎవరైనా వాటిని రుసుము లేకుండా దించుకోవచ్చు.

అంతర్జాతీయ చర్చలలో వీటినే ‘డిజిటల్ జన్యుక్రమ సమాచారం’ అంటున్నారు. జీవి కణంలోని డీఎన్‌ఏ నాలుగు రకాల క్షారాల వరుస. ఆ వరుసను చదివి నాలుగక్షరాల దస్త్రంగా భద్రపరిస్తే, గింజను చూడనివారు కూడా కరవును తట్టుకునే గుణం ఎక్కడ ఉందో వెతకవచ్చు. కావలసిన ముక్కను ప్రయోగశాలలో తయారు చేయించుకోవచ్చు. సున్నపురాయికి ఉన్న తూకం ఈ సంపదకు లేదు. దీనిపై ప్రతిఫలం ఎవరు, ఎవరికి, ఏ లెక్కన ఇవ్వాలన్నదే నేటి వివాదం. దాని మూలాలు తెలుసుకోవాలంటే నాలుగు దశాబ్దాల వెనక్కి వెళ్లాలి.

2. ఉమ్మడి వారసత్వం నుంచి సార్వభౌమాధికారానికి

1983లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక అంతర్జాతీయ అవగాహనను ఆమోదించింది. మొక్కల జన్యువనరులు మానవాళి ఉమ్మడి వారసత్వమని, అవి పరిశోధనకు నిరాటంకంగా అందుబాటులో ఉండాలని దాని సారాంశం. ఉదారంగా కనిపించిన ఈ భావనలో ఒక అసమానత దాగి ఉంది. రైతు పొలంలోని గింజ అందరిదీ అయింది. ఆ గింజ నుంచి ప్రయోగశాల రూపొందించినది మాత్రం కొందరి సొత్తుగా మారుతూ వచ్చింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆనంద చక్రవర్తి రూపొందించిన సూక్ష్మజీవికి పేటెంటు ఇవ్వవచ్చని తీర్పు చెప్పింది. ఆ తరువాత జీవరూపాలపై పేటెంట్ల దారి విశాలమైంది. 1995లో అమలులోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం మేధోసంపత్తి నియమాలను ప్రపంచ వాణిజ్యానికి ముడివేసింది.

ఈ అసమానతకు వర్ధమాన దేశాలు ఇచ్చిన సమాధానం సార్వభౌమాధికారం. 1989లో ఆహార వ్యవసాయ సంస్థ రైతుల హక్కులను గుర్తించింది. 1991లో జన్యువనరులపై దేశాలకు సార్వభౌమ హక్కులు ఉన్నాయని ప్రకటించింది. 1992లో రియోలో సంతకాలకు సిద్ధమైన జీవవైవిధ్య ఒప్పందం 1993 డిసెంబరు 29న అమలులోకి వచ్చింది. వనరు కావలసినవారు ముందుగా ఆ దేశం అనుమతి పొందాలి, షరతులు ఒప్పుకోవాలి, వచ్చిన లాభంలో వాటా ఇవ్వాలి. భారతదేశం 1994లో ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. పసుపుకు గాయం మాన్పే గుణం ఉందన్న పాత తెలివిడిపై అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది. వేప శిలీంద్రనాశక గుణంపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో ఆ రద్దు ఖరారైంది. ఇటువంటి వివాదాల నేపథ్యంలోనే మన జీవవైవిధ్య చట్టం 2002 రూపుదిద్దుకుంది. 2003లో చెన్నై కేంద్రంగా జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఏర్పడింది.

ఈ దశలో ఒక్క పదాన్ని గమనించాలి. జీవవైవిధ్య ఒప్పందం ‘జన్యు పదార్థం’ అన్న మాటను వంశానుగత ధర్మాలను మోసే పదార్థమని నిర్వచించింది. 1992 నాటికి జన్యుక్రమాల నిధులు లేకపోలేదు. అమెరికాలో జెన్‌బ్యాంక్ 1982 నుంచే పనిచేస్తోంది. ఐరోపా, జపాను నిధులు దానితో సమాచారం పంచుకుంటున్నాయి. అయితే అప్పటికి ఒక మొక్క జన్యుక్రమాన్ని సంపూర్ణంగా చదివినవారు లేరు. అందుకే సంప్రదింపులు పదార్థం దగ్గరే ఆగిపోయాయి.

3. ఎర్రచందనం: పదార్థం మీద నిలిచిన పంపకం

రియో సూత్రం ఊహించిన వనరుకు మచ్చుతునక కడప జిల్లాలోనే ఉంది. ఎర్రగుంట్లకు తూర్పున, కడప పట్టణం దాటాక, లంకమల, పాలకొండ శ్రేణులు మొదలవుతాయి. ఆ శ్రేణుల్లోనూ, శేషాచలంలోనూ, వాటిని ఆనుకొని ఉన్న తూర్పు కనుమల దక్షిణ భాగంలోనూ సహజంగా పెరిగే వృక్షం ఎర్రచందనం. శాస్త్రనామం టెరోకార్పస్ శాంటలైనస్. ప్రపంచంలో మరెక్కడా ఇది సహజసిద్ధమైన అడవిగా పెరగదు. 1995లో దీనిని వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చారు. ఎక్కడిదన్న ప్రశ్నకు ఈ చెట్టు విషయంలో సందేహం లేదు. దొంగచాటుగా నరికిన దుంగ ఏ రేవులో పట్టుబడినా దాని పుట్టిల్లు ఈ కొండలే.

కాబట్టి దీనిపై ప్రయోజనాల పంపకం సాధ్యమైంది. స్వాధీనం చేసుకున్న దుంగలను ప్రభుత్వం వేలం వేస్తుంది. కొన్నవారు జీవవైవిధ్య చట్టం కింద ప్రాధికార సంస్థకు వాటా చెల్లిస్తారు. 2025 నవంబరులో ప్రాధికార సంస్థ ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖకు, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి కలిపి 39.84 కోట్ల రూపాయలు విడుదల చేసింది. పట్టా భూముల్లో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు సుమారు 3 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. వారు చిత్తూరు, నెల్లూరు, తిరుపతి, కడప జిల్లాల్లోని 48 గ్రామాలవారు. 2025 ఏప్రిల్‌లో వెలువడిన కొత్త నిబంధనలు ఎర్రచందనం, శ్రీగంధం వంటి అధిక విలువ గల జాతుల విషయంలో విక్రయ మొత్తంలో కనీసం 5 శాతం వాటాను నిర్దేశించాయి.

ఇక్కడ రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, సొమ్ము చేరింది దుంగ ఒక డిపో దాటింది కాబట్టి, వేలంలో దానికి ధర పలికింది కాబట్టి. రెండవది, ఇందులో జన్యువుల ప్రస్తావన దాదాపు లేదు. కొన్నవారు కొన్నది కలపను. మన దేశంలో ప్రయోజనాల పంపకం విజయానికి తరచూ చూపే ఈ ఉదాహరణ నిజానికి ఖనిజ రాయల్టీకి దగ్గరి చుట్టం. తూకం, పర్మిట్, చెక్‌పోస్టు ఉన్నచోటే అది నడిచింది.

4. శనగ: పుట్టిల్లు ఒకటి, మెట్టిళ్లు అనేకం

ఎర్రచందనానికి వర్తించిన తర్కం కొండ దిగి పొలంలోకి వచ్చేసరికి చిక్కుపడుతుంది. శనగ మన పప్పే అయినా పుట్టినచోటు ఇది కాదు. దాని అడవి పూర్వజం నేటికీ ఆగ్నేయ టర్కీలో పెరుగుతుంది. వేల ఏళ్లలో అది పశ్చిమాసియా నుంచి భారతదేశానికి, మధ్యధరా తీరానికి, ఇథియోపియాకు చేరి ప్రతిచోటా అక్కడి రైతుల ఎంపికలో కొత్త రూపం తొడుక్కుంది. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. సజ్జ, రాగి ఆఫ్రికా నుంచి వచ్చాయి. రాయలసీమ పొలం ఒక దేశపు వనరు కాదు, ఎన్నో దేశాల రైతుల శ్రమ కలిసినచోటు.

ఈ వాస్తవాన్ని గుర్తించే ఆహార వ్యవసాయ సంస్థ 2001 నవంబరు 3న పంటల జన్యువనరులపై వేరొక ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2004 జూన్ 29న అమలులోకి వచ్చింది. దేశాలు తమ సార్వభౌమాధికారాన్ని వదులుకోకుండానే, జాబితాలోని పంటలను ఉమ్మడి వ్యవస్థలో ఉంచుతాయి. ప్రతి గింజకూ విడివిడిగా బేరమాడకుండా ఒకే నమూనా ఒప్పందం మీద మార్పిడి జరుగుతుంది. ఆ విత్తనంతో రూపొందిన కొత్త రకాన్ని ఇతరుల పరిశోధనకు అందకుండా చేసినవారు, అమ్మకాలలో 30 శాతం మినహాయించి, మిగిలినదానిపై 1.1 శాతాన్ని ఉమ్మడి నిధికి చెల్లించాలి. అందుబాటులో ఉంచినవారు చెల్లించడం ఐచ్ఛికం.

జాబితా రాజీల ఫలితం. శనగ, కంది, జొన్న, సజ్జ, రాగి అందులో ఉన్నాయి. వేరుశనగ, కొర్ర లేవు. అంటే ఎర్రగుంట్ల–నంద్యాల దారిలో ఒకే రైతు చేలో పక్కపక్క సాళ్లలో ఉన్న శనగకూ కొర్రకూ అంతర్జాతీయ హోదాలు వేరు. జాబితాలోని పంటలను భారత ప్రభుత్వం 2014 డిసెంబరులో జీవవైవిధ్య చట్టం అనుమతుల నుంచి ఈ ఒప్పందం ప్రయోజనాల మేరకు మినహాయించింది.

ఉమ్మడి వ్యవస్థ వల్ల ఈ నేలకు ఒరిగినది తక్కువేమీ కాదు. 1972లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో స్థాపించిన ఇక్రిశాట్ జన్యునిధిలో మెట్టపంటల నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి ఇక్రిశాట్ రూపొందించిన జేజీ 11 రకం 1999లో విడుదలైంది. ఎండుతెగులును తట్టుకొని, తక్కువ కాలంలో పంటకు వచ్చే ఈ రకం కర్నూలు, కడప, ప్రకాశం, అనంతపురం జిల్లాల నల్లరేగడిని మార్చివేసింది. 1990ల ఆరంభంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్ష హెక్టార్లుగా ఉన్న శనగ సాగు 2008–09 నాటికి సుమారు 6 లక్షల హెక్టార్లకు చేరింది. తరువాత నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం యంత్రంతో కోయడానికి అనువైన ఎన్‌బీఈజీ 47 వంటి రకాలు అందించింది. ఈ మేలుకు ఏ చెక్కుతోనూ సంబంధం లేదు. గింజ స్వేచ్ఛగా తిరగడం వల్ల వచ్చిన మేలు ఇది. ప్రయోజనాల పంపకాన్ని సొమ్ము లెక్కగా మాత్రమే చూసే వాదన ఈ చరిత్రను విస్మరిస్తుంది.

5. గింజ లేని గింజ

శనగ జన్యుక్రమం ముసాయిదా 2013లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వెలువడింది. ఇక్రిశాట్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం అందుకు ఎంచుకున్నది కెనడాలో రూపొందిన సీడీసీ ఫ్రాంటియర్ అనే కాబూలీ రకాన్ని. ఆ బృందం 28,269 జన్యువులను గుర్తించింది. అంతకు రెండేళ్లు ముందే కంది జన్యుక్రమం, ఏడాది ముందు కొర్ర జన్యుక్రమం వెలువడ్డాయి. 2021 నవంబరులో నేచర్ పత్రికలో 3,366 శనగ నమూనాల జన్యుక్రమాల విశ్లేషణ ప్రచురితమైంది. వాటిలో 3,171 సాగు రకాలు, 195 అడవి నమూనాలు. అవి 60 దేశాలకు చెందినవి. ఆ సమాచారం అందరికీ బాహాటంగా ఉంది.

దీని ఫలితాలు కూడా మెట్టరైతుకు దూరంగా లేవు. ఐసీసీ 4958 అనే నమూనాలో కరవును తట్టుకునే వేరు గుణాలకు సంబంధించిన భాగాన్ని గుర్తించి, దానిని జేజీ 11 లోకి గుర్తుల సహాయంతో చేర్చే ప్రయోగాలు జరిగాయి. అదే భాగంతో రూపొందిన పూసా శనగ 10216 రకం 2019లో సాగుకు విడుదలైంది.

అయితే ఇదే సమాచారాన్ని ఒక విత్తన సంస్థ గానీ ఔషధ సంస్థ గానీ వాడుకొని పేటెంటు పొందితే నమూనా ఒప్పందం ఆ సంస్థను అందుకోగలదా? ఒప్పందంపై సంతకం పెట్టేది గింజ తీసుకున్నవారు. దస్త్రం దించుకున్నవారు సంతకం పెట్టరు. పదార్థం లేకపోతే అనుమతి లేదు, అనుమతి లేకపోతే షరతు లేదు, షరతు లేకపోతే వాటా లేదు. వర్ధమాన దేశాలు దీనినే వెనుక గుమ్మం అన్నాయి. సంపన్న దేశాలలో అనేకం సమాచారం పదార్థం కాదని, జన్యుక్రమాలు స్వేచ్ఛగా ఉంటేనే శాస్త్రం సాగుతుందని వాదించాయి. రెండు వాదనలలోనూ నిజం ఉండడం వల్లే చర్చ ఇంతకాలం సాగింది.

ఈ చర్చకు తెలుగునేల కూడా ఒక వేదిక. 2010 అక్టోబరు 29న ఆమోదం పొందిన నగోయా ప్రోటోకాల్ జన్యువనరుల ‘వినియోగాన్ని’ నిర్వచించినా జన్యుక్రమ సమాచారాన్ని పేరుపెట్టి చెప్పలేదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ మహాసభ హైదరాబాదులో జరిగింది. భారతదేశం నగోయా ప్రోటోకాల్‌ను ధ్రువీకరించింది ఆ రోజుల్లోనే. 2016లో కాంకూన్ మహాసభలో డిజిటల్ జన్యుక్రమ సమాచారం తొలిసారి ప్రత్యేక నిర్ణయానికి విషయమైంది. 2018లో షర్మ్ ఎల్ షేక్‌లో దేశాలు తమ అభిప్రాయభేదాన్ని అంగీకరించి అధ్యయనాలకు ఆదేశించాయి. పంటల ఒప్పందం వైపు కూడా ఇదే ముడి. ఉమ్మడి వ్యవస్థ సంస్కరణలపై ఏళ్లపాటు సాగిన చర్చలు 2019 నవంబరులో రోమ్‌లో ప్రధానంగా ఈ అంశం మీదనే విఫలమయ్యాయి.

జాడ కనిపెట్టడం ఎంత కష్టమో వేరుశనగ చూపుతుంది. బొలీవియాకు చెందిన ఒక్క అడవి మొక్క నుంచి తెగుళ్లను తట్టుకునే గుణం 1960ల సంకరాల ద్వారా వేరుశనగలోకి చేరింది. అది ఎన్ని ఖండాల రకాలలో దాగి ఉందో 2021లో ఒక జన్యు పరిశోధన వెలుగులోకి తెచ్చింది. మధ్యలో విత్తనం ఎన్నో చేతులు మారింది, ఎన్నో రికార్డులు తప్పిపోయాయి. చరిత్రకారునికి ఇందులో ఒక పాఠం ఉంది. కాగితం మరిచిపోయిన ప్రయాణాన్ని జన్యుక్రమం గుర్తు చేయగలదు. అయితే ఆ జ్ఞాపకం జాతిని చెబుతుంది, వంశాన్ని చెబుతుంది. గింజను దాచిన రైతు పేరు చెప్పదు.

6. కాలీ నిధి: తేలిక అయిన లెక్క, తప్పిపోయిన ఊరు

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలు ఒక ముందడుగు వేశాయి. జన్యుక్రమ సమాచారం నుంచి వచ్చే ప్రయోజనాలను న్యాయంగా పంచాలని, అందుకు ఉమ్మడి యంత్రాంగం, ప్రపంచ నిధి ఉండాలని నిర్ణయించాయి. ప్రతి జన్యుక్రమాన్నీ వెంబడించడం సాధ్యం కాదని అప్పటికే అర్థమైంది. ఉత్పత్తుల చిల్లర ధరపై 1 శాతం వసూలు చేయాలని ఆఫ్రికా దేశాలు అంతకు ముందే ప్రతిపాదించాయి. 2024 నవంబరు 2న ముగిసిన కాలీ మహాసభ యంత్రాంగానికి రూపమిచ్చింది. 2025 ఫిబ్రవరి 25న రోమ్‌లో కాలీ నిధి ప్రారంభమైంది.

దాని సూత్రం ఇది. ఔషధాలు, పోషకాహార ఉత్పత్తులు, సౌందర్య సాధనాలు, మొక్కల, పశువుల ప్రజననం, జీవసాంకేతికత, జన్యుక్రమ పరికరాలు, సంబంధిత సమాచార సేవలు అన్న రంగాలలో జన్యుక్రమ సమాచారం మీద ఆధారపడిన పెద్ద సంస్థలు తమ లాభంలో 1 శాతం గానీ ఆదాయంలో 0.1 శాతం గానీ నిధికి ఇవ్వాలి. ఈ రేట్లు సూచనప్రాయమైనవి. ఆస్తులు 2 కోట్ల డాలర్లు, అమ్మకాలు 5 కోట్ల డాలర్లు, లాభం 50 లక్షల డాలర్లు అన్న మూడు హద్దులలో రెండింటిని మించినవి పెద్ద సంస్థలు. ప్రభుత్వ పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రజా సమాచార నిధులు ఇవ్వనక్కరలేదు. నిధిలో కనీసం సగం ఆదివాసీ ప్రజలకు, స్థానిక సమాజాలకు చేరాలన్నది లక్ష్యం. చెల్లింపులో నిర్బంధం లేదు.

చట్టచరిత్రలో ఇది పెద్ద మలుపు. రియో నుంచి నగోయా దాకా బాధ్యత వనరు అందుకున్న క్షణాన పుట్టేది. కాలీలో అది సంస్థ లెక్కల పుస్తకంలో పుడుతుంది. ఏ మొక్క, ఏ దేశం అన్న ప్రశ్న వసూలు దశలో అవసరం లేదు. ఎర్రచందనం ఆదర్శాన్ని వదిలి, ప్రపంచంలోని జన్యుక్రమాలన్నీ శనగ వంటివేనని అంగీకరించడంగా దీనిని చదవవచ్చు. ఆ అంగీకారంలో వాస్తవికత ఉంది. కాని వసూలుకు అక్కరలేని ప్రశ్న పంపకంలో మళ్లీ ఎదురవుతుంది. సొమ్ము ఎవరికి?

‘ఆదివాసీ ప్రజలు, స్థానిక సమాజాలు’ అన్న పదబంధం నల్లమల చెంచులకు స్పష్టంగా వర్తిస్తుంది. కోవెలకుంట్ల మెట్టరైతుకు వర్తిస్తుందా? తన తాత దాచిన జొన్న రకం ఒక జన్యునిధి ద్వారా సమాచార నిధికి చేరినా, ఆ రైతు ఏ సమాజానికి ప్రతినిధి? ఖనిజ ఫౌండేషన్‌లో ప్రభావిత గ్రామం ముందే తెలుసు. ఎర్రచందనంలో 48 గ్రామాల పేర్లు ఉన్నాయి. కాలీ నిధిలో గ్రామానికి గడి లేదు. దేశాల ద్వారా వచ్చే వాటా ఊరికి చేరాలంటే ఊరు తన సంబంధాన్ని చూపగలగాలి.

భారతదేశం సమాంతరంగా మరో దారి తొక్కింది. 2023లో సవరించిన జీవవైవిధ్య చట్టం 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 2025 నాటి నిబంధనలు ప్రయోజనాల పంపకంలో డిజిటల్ జన్యుక్రమ సమాచారాన్ని పేరుపెట్టి చేర్చాయి. దేశీయ నియమం అనుమతి మీద, అంతర్జాతీయ నిధి ఆదాయం మీద నడుస్తున్నాయి. ఒకే వినియోగంపై రెండు చెల్లింపులు పడకుండా, ఏదీ పడకుండా పోకుండా ఈ రెంటినీ పొసగించడం రాబోయే సంవత్సరాల పని.

7. ఊరి పేరు ఎక్కడ నిలిచి ఉంది?

జన్యుక్రమ నిధులలో నమూనా ఏ దేశానిదో నమోదు చేసే గడి ఉంది. ఊరు, రైతు, స్థానిక నామం సాధారణంగా ఉండవు. కాని జన్యుక్రమం చాలా సందర్భాల్లో జన్యునిధి సేకరణ సంఖ్యతో ముడిపడి ఉంటుంది. ఇక్రిశాట్ వంటి జన్యునిధులు ప్రతి నమూనాకూ ‘పాస్‌పోర్టు వివరాలు’ ఉంచుతాయి. సేకరించిన చోటు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు అందులో దొరికినంతవరకు ఉంటాయి. అంటే జన్యుక్రమం నుంచి సంఖ్యకు, సంఖ్య నుంచి పాస్‌పోర్టుకు, పాస్‌పోర్టు నుంచి ఊరికి ఒక దారి ఉంది. అది సన్ననిదే అయినా తెగిపోలేదు.

ఊరివైపు నుంచి ఎదురు రావలసినది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఏర్పడాలి. ఊరి పంటలు, మొక్కలు, వాటి గురించిన తెలివిడి రిజిస్టరులో నమోదు కావాలి. ఏళ్ల తరబడి ఈ పని నత్తనడక నడిచింది. 2019 ఆగస్టులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి చివరికల్లా పూర్తిచేయాలని, లేకపోతే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఆ ఒత్తిడితో దేశంలో రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయి. గడువు కోసం రాసిన రిజిస్టరు గడువును తీరుస్తుంది. ‘జొన్న’ అని రాస్తే పంట పేరు మాత్రమే తెలుస్తుంది. ఏ రకం, ఎవరింట, ఎన్నేళ్లుగా, ఏ నేలలో, ఎందుకు దాచారో రాస్తే అది ఆధారమవుతుంది.

ఈ సీమకు ఊరి చరిత్ర రాసుకోవడం కొత్త కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి దత్తం చేసిన కొద్దికాలానికే కాలిన్ మెకంజీ సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు సేకరించారు. కడప జిల్లా కైఫీయత్తులు నేడు చరిత్ర పరిశోధకులకు పెన్నిధి. వాటిని రాయించింది పాలకుల అవసరమే. అయినా ఊరివాళ్లు తమ చెరువులు, గుళ్లు, హక్కులు, కరవుల గురించి చెప్పినది వాటిలో నిలిచింది. నేటి జీవవైవిధ్య రిజిస్టరు కూడా పై నుంచి వచ్చిన ఆదేశమే. అందులో ఊరి మాట ఎంత నిలుస్తుందన్నది రాసేవారి శ్రద్ధ మీద ఆధారపడి ఉంది.

8. ముగింపు

ప్రయోజనాల పంపకం నియమాలు ప్రతి దశలోనూ వనరు రూపాన్ని అనుసరించాయి. ఒక్కచోటే పుట్టి దుంగగా అమ్ముడయ్యే ఎర్రచందనానికి సార్వభౌమాధికారం, అనుమతి, వాటా సరిపోయాయి. అనేక దేశాల రైతుల చేతుల్లో పెరిగిన శనగకు ఉమ్మడి వ్యవస్థ మెరుగ్గా పనిచేసింది. దాని మేలు సొమ్ముగా కాక విత్తనంగా రాయలసీమకు అందింది. పదార్థాన్ని వదిలేసిన జన్యుక్రమానికి ఆదాయం మీద చందా అన్న కొత్త సూత్రం వచ్చింది. ఇది స్వేచ్ఛాయుత పరిశోధనను కాపాడుతూ పంపకానికి దారి తీసే ప్రయత్నం. కాని నిర్బంధం లేని చందా ఎంతవరకు నిలుస్తుందో, అందులో మెట్టరైతుకు స్థానం ఎక్కడో తేలవలసి ఉంది.

ఆ స్థానం ఢిల్లీలోనో జెనీవాలోనో పూర్తిగా నిర్ణయమయ్యేది కాదు. రాయలసీమ విశ్వవిద్యాలయాల పరిశోధకులు జన్యునిధుల పాస్‌పోర్టు వివరాలలో కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల ఊళ్ల పేర్లు గల నమూనాలను జాబితా కట్టవచ్చు. ఆ ఊళ్ల జీవవైవిధ్య రిజిస్టర్లను వాటితో సరిపోల్చవచ్చు. వృద్ధ రైతుల నోట స్థానిక రకాల పేర్లు, గుణాలు నమోదు చేయవచ్చు. చరిత్ర, వృక్షశాస్త్రం, న్యాయశాస్త్రం, తెలుగు శాఖలు కలిసి చేయదగిన పని ఇది. సున్నపురాయి లారీకి ఎర్రగుంట్లలో వేబ్రిడ్జి ఉంది. జన్యుక్రమానికి అటువంటిది ఎన్నటికీ ఉండదు. దానికి ఊరితో ఉన్న సంబంధానికి రాసిపెట్టిన సాక్ష్యం ఒక్కటే రుజువు.